ఆపద వచ్చే తొవ్వ

అనగనగా ఉప్పల్ చౌరస్తాకూ నాచారానికీ నడుమ ఒక గల్లీ ఉండేది. గల్లీకి ఒక పక్క పారిశ్రామికవాడ షెడ్లు, ఇంకో పక్క ఇళ్ళు. పొద్దున షెడ్లలో లేత్ మిషన్లూ వెల్డింగ్ సెట్లూ మొదలుకాగానే ఇళ్ళలో ఫ్యాన్లు ఒక్క క్షణం నెమ్మదించి మళ్ళీ అందుకునేవి. గల్లీ వాళ్ళకు అది అలవాటైపోయింది.

ఆ గల్లీలో ఒక రెండంతస్తుల ఇల్లు. కింద అక్క, పైన తమ్ముడు. అక్క షెడ్ల యజమానులకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేసేది. తమ్ముడు పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసేవాడు. ఎన్టీ రామారావు స్టూడియో కట్టిన నాచారంలో పెరిగాను, సినిమా పని నాకు రాకుండా ఎట్లా ఉంటుందని గర్వంగా చెప్పుకొనేవాడు. తండ్రి పోతూ ఇద్దరికీ సమానంగా కొంత సొమ్ము ఇచ్చిపోయాడు. ఆ సొమ్ముతో ఇద్దరూ చెరొక కంప్యూటర్ కొన్నారు.

తమ్ముడు ఉన్నదంతా పెద్ద తెరకూ గ్రాఫిక్స్ కార్డుకూ పెట్టాడు. చివర మిగిలిన కొద్ది డబ్బుతో ఎర్రలైటు వెలిగే స్పైక్ బస్టర్ ఒకటి తెచ్చి, ఇక దిగులు లేదనుకున్నాడు.

అక్క మామూలు కంప్యూటరే కొన్నది. ప్లగ్గు పెట్టి క్యాబినెట్ వెనుక స్క్రూ బిగిస్తుంటే వేలు జివ్వుమంది. మళ్ళీ తాకి చూసింది. మళ్ళీ జివ్వుమంది. వెంటనే తీసేసి, గల్లీ చివర ఉండే వైండింగ్ పెద్దాయనను పిలిపించింది. ఆయన ముప్పై ఏళ్ళు షెడ్లలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టినవాడు. అక్కా తమ్ముళ్ళిద్దరికీ ఆయన కాకా.

కాకా సంచిలోంచి ఒక బల్బు హోల్డర్ తీశాడు. దానికి రెండు వైర్లు. ఒకటి ఫేజులో, ఇంకొకటి న్యూట్రల్‌లో పెడితే బల్బు వెలిగింది. రెండో వైరును న్యూట్రల్ నుంచి తీసి పైనున్న పెద్ద రంధ్రంలోకి మార్చాడు. బల్బు వెలగలేదు.

"చూసినవా బిడ్డా, మూడో రంధ్రం ఉత్తదే" అన్నాడు కాకా. మెయిన్ దించి బోర్డు విప్పితే, ఆకుపచ్చ వైరు ఎవరో కత్తిరించి లోపలికి మడిచిపెట్టి ఉంది. ఇంటికి ఎర్తింగు అసలే లేదు.

కాకా పెరట్లో మూలకు గుంత తవ్వించాడు. జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస పోయించి, మట్టి కూరి నీళ్ళు పట్టించాడు. అక్కడి నుంచి బోర్డు దాకా కొత్త వైరు లాగాడు. ఇప్పుడు మూడో రంధ్రంలో పెట్టినా అదే బల్బు నిండుగా వెలిగింది. తర్వాత మెయిన్ దగ్గర ఇంకో చిన్న పరికరం బిగించాడు. వోల్టేజీ ఎంతో అంకెల్లో చూపిస్తుంది, హద్దు దాటితే కరెంటు తెంపేస్తుంది. కంప్యూటర్ కింద యూపీఎస్ పెట్టించాడు. పోతూ పోతూ, "ఎండకాలం గుంతల నీళ్ళు పొయ్యి బిడ్డా, మట్టి ఎండితే ఎర్తు పనిచెయ్యది" అని చెప్పాడు.

పై నుంచి తమ్ముడు చూసి నవ్వాడు. "ఏందక్కా, నాయన ఇచ్చిన పైసలు మట్టిల పోస్తున్నవు?"

"కాకా నీకు కూడ వైరు లాగుతడట. పైకి ఇయ్యమంటవా?"

"నాకెందుకక్కా? నా దానికి స్పైక్ బస్టర్ ఉన్నది. లైటు కూడ వెలుగుతున్నది గద."

అక్క ఇంకేమీ అనలేదు. ప్రతి శనివారం రాత్రి తన ఫైళ్ళన్నీ వేరే హార్డ్ డిస్కులోకి ఎక్కించి, డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టడం అలవాటు చేసుకుంది. తమ్ముడి ఫైళ్ళు కూడా తనే అడిగి తీసుకుని ఎక్కించేది.

ఎండాకాలం వచ్చింది. గల్లీలో ప్రతి ఇంటా కూలర్లు, ఏసీలు. సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ 170కి పడిపోయేది. అక్క యూపీఎస్ టక్కుమని ఒక చప్పుడు చేసి, తక్కువైన వోల్టేజీని పైకెత్తి కంప్యూటర్‌కు అందించేది. తమ్ముడి కంప్యూటర్ మాత్రం వీడియో సగం తయారవుతుండగా ఆరిపోయి మళ్ళీ మొదలయ్యేది. స్పైక్ బస్టర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉండేది.

"కాకా, ఇది పనిచేస్తలేదు" అన్నాడు తమ్ముడు.

"దాని పని అది చేస్తున్నది కొడుకా. ఎగిసిపడ్డదాన్ని అణచుడు దాని పని. పడిపోయినదాన్ని లేపుడు దానికి రాదు."

తమ్ముడు విన్నాడు గానీ, వచ్చే సీజన్ డబ్బులు రాగానే యూపీఎస్ కొందామని ఊరుకున్నాడు.

వైశాఖంలో ఒక సాయంత్రం మబ్బు కమ్మి ఉరుములు మొదలయ్యాయి. అక్క కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, ఇంటర్నెట్ కేబుల్ కూడా ఊడదీసి పక్కన పెట్టింది. పైన తమ్ముడు స్విచ్చు ఆపి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎక్కడో దగ్గరలోనే పిడుగు పడింది. తెల్లారి చూస్తే రౌటర్ చచ్చిపోయింది, దాంతోపాటు కంప్యూటర్‌లో నెట్ వైరు పెట్టే చోటూ పోయింది.

"స్విచ్చు ఆపిన గద కాకా!"

"ఆకాశం నుంచి భూమి దాక దునికినదానికి నీ స్విచ్చుల ఉన్న సందు ఎంత కొడుకా? అయినా అది కరెంటు వైరుల నుంచి రాలేదు. స్తంభం మీది డబ్బా నుంచి నీ ఇంటికి వచ్చిన నెట్ వైరు రాగిది. ఆ తొవ్వల వచ్చింది. గాజు తీగ ఫైబర్ లోపలి దాక వచ్చి ఉంటే ఆ వైరుల నుంచి వచ్చేది కాదు."

తమ్ముడు రౌటర్ మార్చాడు, నెట్ కోసం ఒక కార్డు వేయించాడు. పెళ్ళిళ్ళ రోజులు, పని ఆగదు. ఆ ఆదివారం ఒక పెద్ద పెళ్ళి తీసి, రాత్రికి అంతా కంప్యూటర్‌లోకి దించి, మర్నాటి పెళ్ళి కోసం కెమెరా కార్డులు ఖాళీ చేసుకున్నాడు.

సోమవారం గాలిదుమారం లేచింది. వేపకొమ్మ ఒకటి విరిగి తీగల మీద పడింది. తెగింది ఫేజు తీగ కాదు, న్యూట్రల్. కరెంటు పోలేదు. పోకపోవడమే ఆపదైంది. ఇంట్లో బల్బులు ఒక్కసారిగా కళ్ళు చెదిరేంత తెల్లగా వెలిగాయి. ఫ్యాన్లు హోరుమన్నాయి. అక్క మెయిన్ దగ్గరున్న పరికరంలో అంకెలు 310 దాకా పోయి తక్కుమని చప్పుడైంది. కింద అంతా చీకటి. పైన ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. తర్వాత స్పైక్ బస్టర్ లోంచి ప్లాస్టిక్ కాలిన కమురు వాసన వచ్చింది. కంప్యూటర్ లోపల ఠప్పుమని పేలింది.

పవర్ సప్లైతో పాటు మదర్‌బోర్డూ హార్డ్ డిస్కూ పోయాయి. శనివారం దాకా చేసిన పనంతా అక్క బీరువాలో భద్రంగా ఉంది. ఆదివారం పెళ్ళి మాత్రం ఎక్కడా లేదు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడి, కోపం కూడా చేయకుండా అడిగాడు: "మా అమ్మ అక్షింతలు వేసిన ముక్కన్న దొరుకుతదా బాబూ? ఆమెకు తొంభై ఏళ్ళు." తమ్ముడి దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి తమ్ముడు కాకా దగ్గరికి వెళ్ళాడు. "కాకా, అన్నిటికన్న మంచి డబ్బా ఏదో చెప్పు. ఎంతైనా సరే కొంట."

"డబ్బా పేరు తర్వాత అడుగు కొడుకా. ముందు ఆపద ఏ తొవ్వల వస్తదో అడుగు. ఒక్కో ఆపదది ఒక్కో తొవ్వ. నువ్వు ఒక్క తొవ్వల కావలి పెట్టి, అన్నిటికీ పెట్టిన అనుకున్నవు."

మర్నాడే తమ్ముడు పైకి ఎర్తు వైరు లాగించుకున్నాడు. హద్దు దాటితే తెంపే పరికరం తన మెయిన్‌కూ పెట్టించాడు. పని ముగిసిన ప్రతి రాత్రీ రెండో కాపీ తీశాకే కెమెరా కార్డు ఖాళీ చేశాడు.

నీతి: ఆపద వచ్చే దారి తెలియకుండా కొన్న రక్షణ ధైర్యాన్నిస్తుంది గానీ కాపాడదు.

మన ఇళ్ళకు రావలసింది 230 వోల్టులు. నిబంధనల ప్రకారం 6 శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 వరకు ఉండవచ్చు. ఈ హద్దు దాటే తీరు ఒక్కటి కాదు. పడిపోయే వోల్టేజీకి మందు స్టెబిలైజరో, వోల్టేజీ సరిచేసే యూపీఎస్సో. క్షణకాలం ఎగిసిపడేదానికి స్పైక్ బస్టర్. అందులో మెటల్ ఆక్సైడ్ వారిస్టర్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. ప్రతి దెబ్బకూ అది కొంత అరుగుతుంది. అరిగిపోయిందని చాలా బోర్డుల్లో లైటు చెప్పదు, కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది. కొన్ని చవక బోర్డుల్లో ఆ బిళ్ళే ఉండదు. ఉన్నా, ఎర్తింగు లేని ఇంట్లో దాని పని సగంలోనే ఆగిపోతుంది.

న్యూట్రల్ తెగడం అన్నిటికన్నా మోసకారి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు గల్లీలోకి వస్తాయి. ఏ రెండు ఫేజుల మధ్య చూసినా సుమారు 400 వోల్టులు. న్యూట్రల్ వాటి మధ్య పెద్దమనిషి. ఆయన ఉన్నంతసేపు ఎవరి వాటా 230 వారికి అందుతుంది. ఆయన లేచిపోతే ఎక్కువ వాడకం ఉన్న వైపు వోల్టేజీ పడిపోతుంది, తక్కువ వాడకం ఉన్న వైపు 300 దాటి ఎగబాకుతుంది. పొదుపుగా వాడుకునే వైపు ఇళ్ళలోనే సామాన్లు ముందు కాలతాయి. దీన్ని స్పైక్ బస్టర్ ఆపలేదు, ఎర్తింగూ ఆపలేదు. హద్దు దాటగానే తెంపే పరికరమే ఆపుతుంది.

ఏ కావలీ నూటికి నూరుపాళ్ళు కాదు. అందుకే చివరి కావలి ఇంకో డిస్కులో, కంప్యూటర్‌కు తగిలించకుండా ఉంచిన కాపీ. మిషను మళ్ళీ కొనుక్కోవచ్చు. అవ్వ వేసిన అక్షింతలు మళ్ళీ తీయలేం.

న్యూట్రల్ ఒక్క ఇంటిది కాదు, గల్లీ అందరిదీ. మీ ఇంట్లో బల్బు ఉన్నట్టుండి మరీ తెల్లగా వెలిగితే ముందు మెయిన్ దించండి. వెంటనే పక్కింటి తలుపు తట్టి వాళ్ళతోనూ దింపించండి. ఆ తర్వాత కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.