గుంటలో పడిన మృగము

మన కోటగిరి, బోధను ప్రాంతములలో బోర్లు వచ్చినది మొదలుకొని వ్యవసాయపు బావులు పాడుబడుచున్నవి. గట్టు కూలియుండును, చుట్టును తుమ్మ పెరిగియుండును. రాత్రివేళ అడవిపందియో నక్కయో అందులో పడును. తెల్లవారగానే ఊరంతయు అచ్చట చేరును. ఒకడు తాడు తెమ్మనును, ఒకడు దిగుదుననును, పెద్దవాడొకడు, "మృగము కొరకు ప్రాణము పోగొట్టుకొందువా?" అని మందలించును. వీరిలో ఎవరిది సరియైన మాట?

విశ్రాంతిదినమున గుంటలో పడిన గొఱ్ఱెనుగూర్చి ప్రభువు మాటలాడినప్పుడు (మత్తయి 12:11, 12) దానిని తీయవలెనా వద్దా యని అడుగలేదు. తీయనివాడు ఉండడని యెంచియే మాటలాడెను. వెంటనే, మనుష్యుడు గొఱ్ఱెకంటె ఎంతో విలువగలవాడనియు చెప్పెను. మనము ఈ రెంటిలో ఒకదానిని పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టుదుము.

అది సొంత గొఱ్ఱె గదా, పంట పాడుచేయు పందిమీద జాలి యేల అని కొందరందురు. పగవాని గాడిద బరువుక్రింద పడియున్నను విడిచి పోరాదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (నిర్గమ 23:5). 104వ కీర్తన చదివినవారు అడవి జంతువునకు దిక్కులేదని చెప్పజాలరు.

అయితే 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ జిల్లా వాకడి గ్రామమున జరిగినది వినుడి. పేడ నింపిన ఒక పాడుబావిలో పిల్లి పడెను. దానికొరకు ఒకడు దిగెను. వానికొరకు మరియొకడు, అతనికొరకు ఇంకొకడు, ఇట్లు దిగి అయిదుగురు చనిపోయిరి. నడుమునకు తాడు కట్టుకొని దిగిన ఆరవవాడు మాత్రము బ్రదికెను. అట్టి బావిలోని విషవాయువు కంటికి కనబడదు. మొదటివాడు పిల్లికై దిగెను, తక్కినవారు మనుష్యునికై దిగిరి. దిగువాడు తన ప్రాణమొక్కటే ఒడ్డుచున్నానని తలంచును గాని, గట్టుమీద తన్ను ప్రేమించువారు నిలిచియున్నారని మరచును.

దావీదు సింహము నోటనుండి గొఱ్ఱెపిల్లను విడిపింపలేదా (1 సమూయేలు 17:34, 35) అని యౌవనస్థులు అడుగుదురు. విడిపించెను. అయితే అతడు కాపరి, మంద అతనికి అప్పగింపబడెను, ఆ పని అతనికి తెలిసియుండెను. నేడు అది అటవీశాఖవారి పని, అగ్నిమాపకదళమువారి పని. వారికిని అది సులభము కాదు. 2020లో నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలమున చిక్కుకొన్న చిరుతను విడిపింపబోయి సిబ్బందియే గాయపడిరి. దేవుడు కాపాడునని దూకుట విశ్వాసము కాదు. దేవాలయ శిఖరమున ప్రభువు త్రోసివేసిన శోధన అట్టిదే.

2022 నవంబరులో చిత్తూరు జిల్లా మొగిలి దగ్గర ఏనుగు బావిలో పడెను. దానియొద్దకు దిగుటకు బదులు జేసీబీతో బావి ప్రక్కను త్రవ్వి బాట చేసిరి. ఏనుగు తానే ఎక్కి అడవికి పోయెను. చిరుత పడినచోట మంచమునకు తాళ్లు కట్టి దింపుదురు, అది దానిమీదికెక్కి ఊపిరి తీసికొనును. జనమును దూరముగా పంపుటయు గొప్ప సహాయమే, అయితే మన ఊళ్లలో అదియే మిక్కిలి కష్టము! అన్నియు చేసినను మృగము చచ్చినయెడల దుఃఖపడుట సిగ్గుకాదు. నీనెవెలోని పశువులనుకూడ దేవుడు లెక్కలోనికి తెచ్చెను (యోనా 4:11).

మాకు అన్నిటికంటె బరువుగా తోచు మాట నిర్గమకాండము 21:33, 34లో నున్నది. గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు, అందులో ఎద్దుగాని గాడిదగాని పడినయెడల నష్టము అచ్చుకొనవలెను. దిగవలెనా వద్దా యని వాదించు మనము ఆ బావి ఎవరిదని అడుగము. పందులకని చేనిచుట్టు కరెంటు తీగ కట్టువానినిగూర్చియు ఇదే ప్రశ్న. ఆ తీగ పందిని చంపును, తెల్లవారుజామున నీళ్లు పెట్టబోవు పొరుగువానినిగూడ చంపును.

వానలు పడకమునుపే సంఘములోని రైతులు తమ చేలలోని పాడుబావులకు గట్టు కట్టింపవలెను. అంత డబ్బులేనివారు ముండ్లకంపయైనను గట్టిగా వేయవచ్చును. చెరకు నరకవచ్చిన కూలీల పిల్లలు చీకటిలో ఆ గట్లమీదనే నడచుదురు.