మేస్త్రీకి తెలిసిన మనిషి

కల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో పంట చేతికి రాని ఏడు ఇళ్లకు తాళాలు పడతాయి. జనం బెంగళూరికి గుళె పోతారు. వలసకు రాయచూరు జిల్లాలో వాడే మాట అది. తుంగభద్ర కాలువ వచ్చాక ఆంధ్ర నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న మా తెలుగువాళ్ల నోళ్లలోనూ అదే నానింది. బెంగళూరులో అపార్టుమెంట్లకు ఇసుక, కాంక్రీటు మోసేది ఈ గుళె పోయినవాళ్లే. ఇక్కడి మిల్లుల్లో బస్తాలు మోయడానికి బీహారు నుంచి కుర్రాళ్లు రైలెక్కి వస్తారు. వీళ్లను అక్కడికి తీసుకుపోయేదీ మేస్త్రీయే, వాళ్లను ఇక్కడికి తెచ్చేదీ మేస్త్రీయే. మధ్యలో హెచ్చార్ అని బోర్డు తగిలించుకున్న గదిలో నేనుంటాను.

విచిత్రమేమిటంటే, నా ఉద్యోగం పుట్టిందే మేస్త్రీని తప్పించడానికి. 1929లో విట్లీ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ మన మిల్లులూ గనులూ తోటలూ తిరిగి 1931లో నివేదిక ఇచ్చింది. పనిలో పెట్టుకోవడానికి లంచం, పెట్టుకున్నాక ఉంచడానికి లంచం. ఇదీ ఆనాటి జాబర్ల, అంటే మిల్లు మేస్త్రీల, రాజ్యం. నియామకాలు వాళ్ల చేతుల్లోంచి లాగేసి, ఆ పనికి లేబర్ ఆఫీసర్లను పెట్టమని కమిషన్ చెప్పింది. 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చేసరికి 500 మంది కార్మికులున్న చోట వెల్ఫేర్ ఆఫీసరు తప్పనిసరి అయ్యాడు. తర్వాత పర్సనల్ మేనేజరన్నారు, ఇప్పుడు హెచ్చార్ అంటున్నారు.

మేస్త్రీ అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగూన్ బియ్యం మిల్లులకూ రేవుకూ పోయిన కూలీలను అక్కడ కోరంగీలనేవారు. ఓడ ఖర్చుకు అడ్వాన్సు మేస్త్రీదే, కూలి డబ్బులు వచ్చేదీ మేస్త్రీ చేతిమీదుగానే. అప్పు తీరేదాకా ఆ మనిషి అతని మనిషే. 1930 మేలో రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల బదులు బర్మా వాళ్లను దింపారు. సమ్మె తీరాక ఆ బర్మా వాళ్లను పొమ్మన్నారు. దాంతో లేచిన అల్లర్లలో పోయినవి కూలీల ప్రాణాలే.

ఇదంతా పాత కథ అనుకుందామంటే, మా ఫ్యాక్టరీ గేటు దగ్గర పొద్దున్నే ఆరింటికి అదే మేస్త్రీ సెల్‌ఫోను పట్టుకుని నిలబడి ఉంటాడు. మేము తౌడు నుంచి నూనె తీస్తాం. తౌడుతో ఒక చిక్కుంది. బియ్యం గింజ నుంచి విడిపోయిన క్షణం నుంచే అందులోని నూనె పాడవడం మొదలవుతుంది, గంటలు గడిచేకొద్దీ ఆమ్లం పెరుగుతుంది. లారీ ఎంత త్వరగా దిగితే నూనె అంత బాగుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం, రాయచూరు ఎండలో, తలకు గోనెపట్టా కట్టుకుని బస్తా తర్వాత బస్తా దింపేవాళ్ల వేగం మీదే నూనె నాణ్యత సగం ఆధారపడుతుంది. వాళ్లలో ఒక్కడూ మా కంపెనీ జాబితాలో లేడు. అందరూ మేస్త్రీ మనుషులే.

ఒకరోజు హమాలీ ఒకడు రాలేదు. మేస్త్రీ మస్టరులో గైర్హాజరు పడింది. నాకు తెలిసింది అంతే. మేస్త్రీని అడిగితే, "వాడి చెల్లెలికి పెళ్లి కుదిరింది సార్. రాత్రి నాకు ఫోను చేసి ఏడ్చాడు. ఇరవై వేలు చేతిలో పెట్టి రైలెక్కించా" అన్నాడు. నేనా ఇరవై వేలు ఇప్పించాలంటే అప్లికేషను, మేనేజరు సంతకం, అకౌంట్సు, అంతా అయ్యేసరికి వారం. పైగా వాడు మా మనిషి కాడు కాబట్టి ఆ అప్లికేషను పెట్టడానికే లేదు. మేస్త్రీ జాలితో ఇవ్వలేదు, తెలుసు. ఆ ఇరవై వేలు వచ్చే సీజను దాకా వాణ్ని కట్టేస్తాయి. అయినా అర్ధరాత్రి వాడు ఫోను చేసింది ఎవరికి?

మేస్త్రీ కమీషను తింటాడని అతన్ని తిడతాం. తిట్టాల్సిందే. కానీ కమీషను మాటున అతను చేసే పని, అంటే మనిషి సంగతి తెలిసి ఉండటం, ఆ పనిని మేము ఎన్నడూ చేతిలోకి తీసుకోలేదు. ఇంకో మాట కూడా చెబుతాను. నా పైవాళ్లకు ఇది రుచించదు. కంపెనీలు కాంట్రాక్టరుకు ఇచ్చే డబ్బు మనుషులను తెచ్చినందుకు మాత్రమే కాదు. ఆ మనుషుల గురించి తమకు తెలియకుండా ఉండటానికి కూడా.

చట్టం ఈ ఎరగనితనాన్ని కొంత ఊహించింది. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం ప్రకారం కూలి పంచేటప్పుడు అసలు యజమాని తరఫు మనిషి దగ్గరుండాల్సి వచ్చేది, డబ్బు ముట్టిందని సంతకం చేయాల్సి వచ్చేది. కాంట్రాక్టరు ఎగ్గొడితే కంపెనీ కట్టాలి. నోట్లు లెక్కపెట్టి చేతికిచ్చిన రోజుల్లో ఆ సంతకానికి అర్థముంది. ఇప్పుడు జీతం బ్యాంకులో పడుతుంది, స్క్రీను మీద చూస్తాం. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందో స్క్రీను చెప్పదు. కార్డులన్నీ ఒక్క జేబులోనే ఉండే చోట్లున్నాయని ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. వెల్ఫేర్ ఆఫీసరు ఇకపై 250 మంది ఉన్న చోట కూడా ఉండాలట, మంచిదే. సంస్థ ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కూలీలు ఉండకూడదన్నారు, ఇంకా మంచిది. అయితే ముఖ్యం కాని పనుల జాబితాలో లోడింగు, అన్‌లోడింగు ఉన్నాయి. ఆ జాబితా రాసినవాళ్లు ఏప్రిల్ నెలలో ఒక్క తౌడు లారీ దిగడం చూసి ఉంటే బాగుండేది. మరొకటి, కాంట్రాక్టు కూలీల నిబంధనలు ఇదివరకు 20 మంది ఉంటే వర్తించేవి, ఇప్పుడు 50 మంది ఉండాలి. 49 మందిని తెచ్చే మేస్త్రీ ఇక లైసెన్సు అడగక్కర్లేదు, నాకు చూపించక్కర్లేదు.

నా తోటి హెచ్చార్లకు ఒక్క మనవి. జీతాలు పడ్డ రోజు సాయంత్రం కంప్యూటరు కట్టేసి, మీ హమాలీలు ఉండే షెడ్డు దాకా ఒకసారి వెళ్లండి. కార్డు ఎవరి దగ్గరుందో అడగండి. అడిగే అధికారం మనకు చట్టంలో ఉన్నా లేకపోయినా.