చేతిలో ఉన్నది కౌలుకే

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. విమానాశ్రయం మాట వచ్చినప్పటి నుంచీ చుట్టుపక్కల నేల ధర పెరుగుతూనే వచ్చింది. నేల అదే. జీడి, సరుగుడు తోటలూ అవే. పెరిగిన ఆ విలువలో యజమాని చెమట ఎంత? మన సంపదలో మన కష్టం కానిది ఎంతో ఉందని ఇక్కడే తెలుస్తోంది. అందుకే క్రైస్తవ విశ్వాసం మనిషిని దేవుని గృహనిర్వాహకుడు అంటుంది. చేతిలో ఉన్నది కౌలుకే. కౌలుదారు దున్నుకుంటాడు, తింటాడు. గడువు తీరాక లెక్క చెబుతాడు.

"నేను కష్టపడలేదా? పిల్లలకు దాచుకోకూడదా?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ కష్టపడిన ఆ ఒంటి బలం కూడా దేవుడు ఇచ్చిందే కదా. దాచడం తప్పు కాదు. ఐగుప్తులో యోసేపు ధాన్యం దాచాడు. కరవులో జనం బతికారు. లూకా సువార్తలోని ధనవంతుడూ దాచాలనుకున్నాడు. తన సుఖం ఒక్కటే చూసుకున్నాడు. ఆ రాత్రే లెక్కకు పిలుపు వచ్చింది. ఇద్దరిదీ ధాన్యమే. ఎవరి కోసం అన్నదే తేడా.

"మా దగ్గర ఏముంది?" అని పేదవారు అనవచ్చు. యేసు చెప్పిన తలాంతుల ఉపమానంలో తక్కువ అందుకున్నవాడూ లెక్క చెప్పాల్సి వచ్చింది. పైగా కాలం అందరికీ ఉంది. దాన్ని ఏ బ్యాంకూ దాచలేదు. చేతిలో ఉన్నది కౌలుకే. ఈరోజు ఖర్చు పెట్టే ప్రతి రూపాయినీ, ప్రతి గంటనూ ఒక్క మాట అడగండి. నిత్యత్వంలో దీనికి లెక్క చెప్పగలనా?