ఎన్ని చేపలు చాలును?



మా సంఘములోని ఒక వృద్ధుడు కొల్లేటి ఒడ్డున పుట్టి, వలతోను మావుతోను చేపలు పట్టి పిల్లలను పెంచినవాడు. ఆయన కుమారుడు ఇప్పుడు కెనడా దేశములో ఉద్యోగము చేయుచున్నాడు. రాబోవు వేసవిలో తండ్రిని పిలిపించుకొని, ఆ దేశపు ఉత్తరభాగమందున్న గ్రేట్ బేర్ సరస్సునకు చేపల వేటకు తీసికొనిపోవలెనని అతని కోరిక. ఆ ప్రయాణమునకు తాను వ్రాసుకొన్న జాబితాను అతడు తండ్రికి పంపగా, ఆయన దానిని మాచేత చదివించుకొనెను.

ఆ సరస్సు వైశాల్యము సుమారు 31,000 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేటి అభయారణ్యము 308 చదరపు కిలోమీటర్లు. అట్టివి నూరు దానిలో ఇముడును. ఉత్తర ధ్రువ వృత్తము దాని మీదుగా పోవుచున్నది. దాని ఒడ్డున డేలినే అను ఊరొక్కటే యున్నది. చలికాలమున మంచుమీద వేయు బాట తప్ప అక్కడికి వేరు బాట లేదు. దూరపు రేవులకు పోవువారికి నీటిమీద దిగు చిన్న విమానమే ఆధారము.

అందుచేత జాబితాలో ప్రతి వస్తువునకు బరువు వేసియున్నది. మబ్బు పట్టి విమానము చెప్పిన దినమున రానియెడల తినుటకు అదనపు ఆహారము. చన్నీటిలో పడిన మనిషి ఎక్కువసేపు బ్రదుకడు గనుక పడవలో తొడుగుకొను తేలుడు చొక్కాలు. ఎలుగుబంట్లకు దొరకకుండ ఆహారము దాచు పెట్టె. ఏ దినమున తిరిగి వత్తుమో ఒకరికి వ్రాసి యిచ్చిపోవు చీటి. ఆ అబ్బాయి జాగ్రత్తను మేము మెచ్చుకొంటిమి.

చివరి పంక్తిలో, "పట్టిన చేపలన్నిటిని తిరిగి నీటిలో విడిచిపెట్టెదము" అని యున్నది. అక్కడ పెద్దాయన మమ్మును ఆపెను. "ఆకలి లేనోడు గాలమెందుకు వెయ్యాలి అయ్యగారూ? చేపకు నోరు చించి, ఆడించి, మళ్లీ పొమ్మనడమా? ఇది తప్పా, ఒప్పా? మీరే చెప్పండి" అనెను.

మొదట మేము ఆయన పక్షమే. అయితే కుమారుని మాటలోను న్యాయమున్నది. ఆ చల్లని నీటిలో లేక్ ట్రౌట్ అను చేప మిక్కిలి మెల్లగా పెరుగును. 1995లో అక్కడ పట్టిన ఒక చేప 72 పౌనులు, అనగా 32 కిలోలకు పైగా తూగెను. పెద్ద చేప అనేక దశాబ్దముల వయస్సు గలదై యుండును. వచ్చినవారెల్ల అట్టివాటిని చంపి తీసికొనిపోయినయెడల, పోయినవాటి స్థానము నిండుటకు ఒక తరము పట్టును.

అయినను విడిచిన చేపలన్నియు బ్రదుకవు. గాలము మ్రింగినదియు, రక్తము కారినదియు, ఛాయాచిత్రము కొరకు గాలిలో చాలసేపు పట్టుకొనబడినదియు, ఈదిపోయినట్లే కనబడి తరువాత చచ్చుట కలదు. మరియొక సంగతి మాకు ఆశ్చర్యము కలిగించెను. తరతరములుగా ఆ ఉత్తరదేశమున కాపురమున్న డెనే జనుల పెద్దలలో అనేకులు, పట్టి విడుచుట చేపతో ఆటలాడుటయే, దానిని అవమానపరచుటయే అని చెప్పుదురు. కొల్లేటి వృద్ధుడును, ఎన్నడును ఆయనను చూడని ఆ పెద్దలును ఒక్క మాటే పలుకుచున్నారు. చేపను నమ్ముకొని బ్రదికినవారి మాటను తేలికగా త్రోసివేయరాదు.

ఇట్లుండగా ఏమి చెప్పవలెను? మా చిన్నతనపు సంగతి యొకటి జ్ఞాపకము వచ్చెను. ఒక ఎండకాలమున మా ఊరి చెరువు అడుగంటగా అందరితోకూడ మేమును దిగితిమి. ఇంటికి ఎన్ని కావలెనో తలంపనే లేదు. రెండు గంపలు మోసికొనివచ్చితిమి. మరునాటికి ఒక గంప కుళ్లిపోగా మా తల్లి దానిని దిబ్బలో పూడ్చెను. మేము ఆకలిచేత కాదు, దొరకుచున్నవి గనుక పట్టితిమి. నీటి ఒడ్డున నిలిచిన మనస్సునకు చాలును అను మాట తోచదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గూర్చిన చిన్న ఆజ్ఞ యున్నది. పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. గూడు కంటబడకమునుపే ఆ ఆజ్ఞ ఇయ్యబడెనని గమనించుడి. చెయ్యి చాపిన తరువాత హద్దు గీయుట కష్టము. ఇంటిలో కూర్చుండి ఆలోచించునప్పుడే గీయవలెను.

కాబట్టి ఆ అబ్బాయికి ఇట్లు వ్రాసితిమి: "నీ జాబితాలో సమస్తమునకు లెక్క యున్నది గాని చేపలకు లెక్క లేదు. ఇద్దరికి ఆ దినపు భోజనమునకు చాలినన్ని చిన్న చేపలు, అక్కడి చట్టము ఒప్పినంతలో, పట్టుకొనుము. అవి దొరకగానే గాలము చుట్టి పెట్టుము. అనుకోకుండ పెద్దది తగిలినయెడల దానిని నీటిలోనుండి ఎత్తక, తడిచేతితో విడిపించి పంపుము. అందుకొరకు ఎదురుముల్లు లేని గాలమే తీసికొనిపొమ్ము. మరియు నీవు నిర్జనారణ్యమని వ్రాసిన ఆ చోటు డేలినే వారికి ఇల్లు. 2016 నుండి వారికి తమ స్వపరిపాలన కలదు. ఇంటివారిని అడిగి లోపలికి పొమ్ము."

ఈ ఉత్తరము చదివి వినిపించగా పెద్దాయన, "రోజుకు రెండు చేపలైతే గంటలో పట్టేస్తాను" అనెను. మిగిలిన పొద్దంతా ఏమి చేయుదురని అడిగితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "వాడితో కూర్చుని మాట్లాడి ఏడేళ్లయిందండీ" అనెను.

ప్రియులారా, మనలో ఆ సరస్సును చూడబోవువారు అరుదు. అయినను పంట, పెండ్లి, అప్పు, ఇల్లు అని మనమును జాబితాలు వ్రాసికొనుచునే యున్నాము. తెచ్చుకొనవలసినవాటి సరసను ఎక్కడ ఆగవలెనో ఆ పంక్తినికూడ ముందుగానే వ్రాసికొందము. అట్టి జ్ఞానమును ప్రభువు మనకు దయచేయునుగాక.