రంగం వెళ్లొచ్చా?

ఎలమంచిలి పెద్దవాళ్లకి బర్మా అంటే రంగమే. బతుకుతెరువు కోసం విశాఖ, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి వెళ్లిన కుటుంబాలు ఈ తీరం పొడవునా ఉన్నాయి. వాళ్ల మునిమనవలకి ఇవాళ జీతాలూ సెలవులూ ఉన్నాయి. బగాన్ గుళ్లు, శ్వేడగాన్ పగోడా చూసొద్దామంటాడు మా తమ్ముడు. "మనం రాజకీయాలకి పోవట్లేదు కదా అన్నయ్యా!" అని అతని వాదన.

తాతలు కూడా కడుపు చేతపట్టుకునే పోయారు. అయినా రాజకీయం వాళ్లని వదల్లేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మెకి దిగితే వాళ్ల స్థానంలో బర్మా వాళ్లని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే ఆ కొత్తవాళ్లని పొమ్మన్నారు. లాభం తినేవాళ్లు మేడల్లో ఉంటే, రేవులో పేదలూ పేదలూ కొట్టుకు చచ్చారు. 1942లో జపాన్ బాంబులకి జడిసి మనవాళ్లు అడవుల వెంట నడిచొచ్చారు. 1962లో సైన్యం గద్దెనెక్కాక మరెందరో ఉన్నదంతా పోగొట్టుకుని తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు వాళ్లదే.

ఆ సైన్యమే 1996ని పర్యాటక సంవత్సరంగా ప్రకటించింది. ముస్తాబు కోసం మాండలే కోట కందకంలో జనం చేత వెట్టి చేయించింది. "ఇప్పుడు రావద్దు" అని అక్కడి ప్రజాస్వామ్య ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూ చీ లోకాన్ని వేడుకున్నారు. 2011లో ఆమె పార్టీయే, విడిగా వచ్చే యాత్రికులు రావచ్చంది. ఇంటివాళ్లు వద్దంటే ఆగడం, రమ్మంటే వెళ్లడం: అతిథి ధర్మం నాకు తెలిసి ఇంతే. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం లాక్కుని ఆమెని నిర్బంధించింది. పిలవాల్సిన వాళ్ల నోరే నొక్కేసింది.

మనం వెళ్లకపోతే బగాన్‌లో గుర్రబ్బండి తోలేవాడు పస్తుంటాడన్న మాట నన్ను నిజంగానే బాధిస్తుంది. కానీ అతని చేతికి పది రూపాయలు అందేలోపే వీసా రుసుము సర్కారు ఖజానాకి చేరిపోతుంది. ఆ ఖజానాతోనే పల్లెల మీద బాంబులేసే విమానాలు ఎగురుతున్నాయి. అందుకే వేడుక చూడ్డానికి ఇప్పుడు వెళ్లకూడదు. 2025 మార్చి 28 నాటి భూకంపం లాంటి ఆపదలో సాయానికి వెళ్లేవాళ్ల సంగతి వేరు, వాళ్లు వెళ్లాల్సిందే.

అక్కడ తెలుగు కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మీ ఇంటి పాత ఉత్తరాల్లో రంగం చిరునామా ఏదైనా ఉంటే ముందు వాళ్ల జాడ తీయండి, క్షేమం అడగండి. వాళ్లు రమ్మంటే వెళ్లి, వాళ్లింట్లోనే దిగండి.