అనుమానించుట తప్పా?



ఇటీవల ఒక సాయంకాలము మా సెల్‌ఫోనుకు ఒక సందేశము వచ్చినది. ఆదాయపు పన్ను శాఖ మాకు కొంత సొమ్ము తిరిగి ఇవ్వనున్నదనియు, వెంటనే క్రింది లింకు నొక్కి బ్యాంకు ఖాతా వివరములు నింపవలెననియు దాని సారాంశము. మేము నొక్కబోవుచుండగా మా కోడలు, "ఆగండి మావయ్యగారూ, అది నిజమో కాదో చూద్దాం" అన్నది. మాకు కోపము వచ్చినది. "ప్రభుత్వమువారి మాటను కూడ అనుమానించుటేనా అమ్మా?" అన్నాము.

ఆ సందేశము దొంగదే. ఇట్టివి కొత్త కాదు. 2023లో 15,490 రూపాయలు మంజూరైనవని చెప్పు సందేశమొకటి తిరుగగా, అది బూటకమని కేంద్ర ప్రభుత్వపు పత్రికా సమాచార కార్యాలయము ప్రకటించినది.

అయితే ఆ రాత్రి మమ్మును బాధించినది వేరొక ప్రశ్న. అధికారులకు విధేయులై యుండవలెనని బడిలో పిల్లలకు ఇన్నేండ్లు నేర్పితిమి. ఆ విధేయతయే దొంగ చేతికి తాళపుచెవి యైనదా? 1964లో అంబత్తూరు ఎస్టేటు ఏర్పడిన పిమ్మట పని వెదకుచు వచ్చిన కుటుంబములు మనలో కలవు. మనది కాని భాషలో ఆఫీసు కాగితము వచ్చినయెడల చదువక మునుపే జంకుట మనకు అలవాటు. పన్ను ఎగవేయువాడు అంతగా భయపడడు. సక్రమముగా చెల్లించువాడే "ఏమి తప్పు జరిగినదో" యని కంగారుపడును. మోసగాడు వాడుకొనునది ఆ కంగారునే.

కావున మా మనవి ఇది. సందేశమును అనుమానించుట ప్రభుత్వమును అవమానించుట కాదు. ఎవడో గుమ్మములో నిలిచి "మీ అన్నగారు డబ్బు తెమ్మన్నారు" అనినయెడల, అన్నగారిని అడిగి ఇచ్చుట అన్నగారికి మర్యాదయే గదా! విధేయత మంచిదే. ఎవరికి విధేయులమగుచున్నామో విచారించుకొనుట కూడ అందులో భాగమే.

ఆదాయపు పన్ను శాఖ పిన్ నంబరు గాని, ఓ.టి.పి. గాని, పాస్‌వర్డు గాని మనలను అడుగదు. 2019 అక్టోబరు 1 నుండి శాఖవారి నోటీసులకు ఒక గుర్తింపు సంఖ్య వేయు ఏర్పాటు కలదు. దానిని శాఖవారి వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును. అయితే సందేశములోని లింకు ద్వారా పోక, వెబ్‌సైటు పేరు మనమే టైపు చేయవలెను.

ఒకవేళ ఎవరైన మోసపోయినయెడల సిగ్గుపడి దాచవద్దు. వెంటనే బ్యాంకుకును, 1930 నంబరుకును తెలుపవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారిపోవును. విన్నవారు "ఇంత చదివి ఎట్లు మోసపోతివి?" అని ఎత్తిపొడవరాదు. ఆ మాటకు జడిసియే కొందరు నోరు మెదపరు. నేరము దొంగది. సిగ్గు కూడ వానిదే కావలెను.

మరునాడు మా కోడలికి మా తప్పు ఒప్పుకొంటిమి. మీ యిండ్లలో చిన్నవారు "ఆగండి" అనినప్పుడు ఆ మాటను త్రోసివేయకుడి.