కొంచెం నిదానంగా చదువు బిడ్డా

ప్రసంగం బాగానే చెప్తావు బిడ్డా, కాదనను. గొంతుంది, భక్తి ఉంది. ఉన్న చిక్కల్లా తొందరే. పాత నిబంధన తెరిచావంటే భద్రాచలంలో ఎక్కి హైదరాబాద్‌లో దిగే సూపర్ లగ్జరీ లాగా మధ్యలో ఒక్క ఊళ్లోనూ ఆగవు. రూతు అంటే సంఘం, బోయజు అంటే క్రీస్తు, ఆమేన్. మరి ఆ పిల్ల పొద్దున్నుంచీ బోయజు చేలో ఎండకు వంగి పరిగె ఏరిందే, దాని సంగతి ఎవరు చెప్పాలి? క్రీస్తు దగ్గరికి పోవద్దనను. ఆ చేలోంచి నడిచి పొమ్మంటున్నా.

రూతు ఎవరు? మోయాబు పిల్ల. మొగుడు పోయాడు, ఊరు కాని ఊరు, ఇంట్లో అత్తకు గింజలు కావాలి. మన దగ్గర మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే ఆడవాళ్లను చూడు. భాష రాదు, మేస్త్రీ చెప్పిందే లెక్క. బోయజు ముందుగా ఏం చేశాడు? ఆమె జోలికి పోవద్దని మగ పనివాళ్లను హెచ్చరించాడు. దాహమైతే వాళ్లు తోడి పెట్టిన నీళ్లే తాగమన్నాడు. పెళ్లి ముచ్చట తర్వాత. పైగా పరిగె అతను వేసిన భిక్ష కాదు. చేను అంచులదాకా కోయొద్దు, రాలినవి బీదలకూ పరదేశులకూ వదలమని లేవీయకాండం 19లోనే ఉంది. అది ఆమె హక్కు. మీ నాన్నకూ మిరప చేనుంది కదా, కోతకొచ్చినవాళ్లకు నీళ్ల డ్రమ్ము ఎక్కడ పెట్టారో ఎప్పుడైనా చూశావా? చూసొచ్చి అప్పుడు చదువు రూతు గ్రంథం.

ద్వితీయోపదేశకాండం 24 కూడా అంతే. కూలివాడు నీవాడైనా పరదేశి అయినా పొద్దు గుంకకముందే కూలి ఇచ్చెయ్యమంటుంది. మనం ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నామంటావు. నిజమే. ఖమ్మం మార్కెట్లో మిర్చి ధర పడిందని కోతకొచ్చినామె కూలి ఆపితే, ఆ కృపను వండుకోమంటావా?

ఇక రాజులు మొదటి గ్రంథం 21లోని నాబోతు కథ. ఏజెన్సీలో బతికేవాళ్లం, మనం ఇంకా నిదానంగా చదవాలి. నాబోతు ద్రాక్షతోట కోసం అహాబు రాజు డబ్బిస్తానన్నాడు, ఇంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు. పితరుల భూమి ఇవ్వనన్నాడు నాబోతు. రాజుగారు అలిగి మంచమెక్కారు, అన్నం మానేశారు. ఆ తర్వాతంతా కాగితాల పనే: రాజు పేరుతో ఉత్తరాలు, రాజముద్ర, అబద్ధపు సాక్షులు. నాబోతును చంపి తోట లాక్కున్నారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉన్నచోట కూడా కోయవాళ్ల భూమి బినామీగా ఎలా చేతులు మారుతుందో ఎరిగినవాళ్లకు ఈ అధ్యాయానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆ రాజును నిలదీసిన ఏలీయాను పొగిడేముందు, మనం దున్నే భూమి ఎవరిదో నాన్నను అడుగు. గొడవపడి కాదు, అన్నం తిన్నాక మెల్లగా అడుగు.

మన దుమ్ముగూడెంలో మిషనరీగా పనిచేసిన జాన్ కెయిన్ దొర 1870ల్లోనే భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, ఇక్కడి కోయల గురించి వ్యాసాలు రాశాడు. ఆయన అన్నవన్నీ ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఎదుటి మనిషి ఎలా బతుకుతున్నాడో చూసే ఓపిక ఉంది చూడు, అది నేర్చుకో.

ఇంకో మాట. ఈ గ్రంథాలు మనకన్నా ముందు యూదులవి, ఇప్పటికీ వాళ్లవే. రూతు కథను వాళ్లు ఏటా వారాల పండుగకు చదువుకుంటారు. అంతదూరం ఎందుకు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మన తెలుగువాళ్లే కొందరు తాము ఎఫ్రాయిము గోత్రీకులమని చెప్పుకొని సమాజమందిరం కట్టుకున్నారు. ఆ వాదన తేల్చే పని నాది కాదు. నువ్వు మాత్రం మైకు ముందు నిలబడి యూదులకు అసలేమీ అర్థం కాలేదని చప్పున అనేస్తావే, ఆ మాట నోట్లోనే ఉంచుకో.

వచ్చే ఆదివారం రూతు గురించే చెప్తావని విన్నాను. రెండో అధ్యాయం దాటకు. మూడోది కోతలయ్యాక చెప్దువుగాని.